అడుగుల అంచనా, ఎండ అంచనా

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకునే మన పిల్లల రోజు ఇంకెవరో వేసిన అంచనాలతో మొదలై వాటితోనే ముగుస్తుంది. కటాఫ్ ఎక్కడ ఆగుతుంది, ఈసారి పోస్టులెన్ని, మాక్ టెస్టులో ఎన్నో ర్యాంకు, పై అంతస్తులో ఉండే వరంగల్ అబ్బాయికి ఎన్నొచ్చాయి. గేట్ కోసం కొందరు, ఇంజనీరింగ్ సర్వీసుల కోసం కొందరు, సివిల్స్ కోసం ఇంకొందరు వస్తారు. ఐఐటీకీ, బేర్ సరాయ్ పుస్తకాల కొట్లకూ నడిచి వెళ్లేంత దూరంలో, ఒకదాన్నొకటి ఆనుకున్న మేడల మధ్య ఏళ్లు గడిపేస్తారు. తెలిసిన జవాబు రాయడం వాళ్లకు బాగా వచ్చు. తెలియని చోట సొంతంగా ఒక అంచనా వేసి, అది ఎంత తప్పిందో నిక్కచ్చిగా కొలుచుకోవడం మాత్రం ఏ కోచింగ్ సిలబస్‌లోనూ ఉండదు.

ఆ సాధనకు ఈ అధ్యాయంలో నేను సూచించే పనిముట్టు పాతకాలపు మడత కెమెరా. ధ్యానానికనో, ఫోనుకు దూరంగా ఉండటానికనో దీన్ని చెప్పడం లేదు. అలా చెప్పే పుస్తకాలు వేరే ఉన్నాయి. ఇక్కడ ఫోను కూడా మనకు పనికొస్తుంది, కాకపోతే దాని వంతు చివర్లో.

మూసి ఉన్నప్పుడు ఇది చలికోటు జేబులో పట్టే లోహపు డబ్బీ. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, కొలిమి తిత్తిలాంటి నల్లని మడతలు సాగి, వాటి చివర లెన్సు వచ్చి నిలబడుతుంది. లోపల పెట్టేది 120 రీలు. 1901లో కొడాక్ తన రెండో నంబరు బ్రౌనీ డబ్బా కెమెరా కోసం తెచ్చిన సైజు అది, ఇప్పటికీ తయారవుతోంది. ఆ రీలు మీద చదరపు బొమ్మలైతే పన్నెండు పడతాయి, పొడుగు బొమ్మలైతే ఎనిమిది. చదరపు నెగటివ్ ఒక్కో వైపు 56 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే మన నాన్నల కాలపు మామూలు 35 ఎంఎం రీలు బొమ్మకు విస్తీర్ణంలో మూడున్నర రెట్లు పైమాటే. అంత పెద్ద నెగటివ్ ఇచ్చే మిగతా కెమెరాలు మెడలో బరువుగా వేలాడతాయి. ఇది జేబులో కూర్చుంటుంది. ఆనాడు జనం దీన్ని కొన్నది అందుకే.

జర్మనీలో జైస్ ఐకాన్ 1929లో ఐకాంటాను, 1934లో దూరం కొలిచే ఏర్పాటు జోడించిన సూపర్ ఐకాంటాను తెచ్చింది. ఆగ్ఫా ఐసొలెట్, ఫోక్ట్‌లెండర్ బెస్సా, పెర్కియో కూడా ఆ కుటుంబానివే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రష్యాలో క్రాస్నొగోర్స్క్ ఫ్యాక్టరీ సూపర్ ఐకాంటా నమూనా మీద మాస్క్వా కెమెరాలు చేసింది. 1960 నాటికి 35 ఎంఎం కెమెరాలు వీటిని పక్కకు నెట్టేశాయి. చాలాకాలం తర్వాత 2009 ప్రాంతంలో ఫ్యూజీ ఒక కొత్త మడత కెమెరా చేసింది కానీ అదీ ఎక్కువ కాలం నడవలేదు. మన ఇళ్లలో 120 రీలు అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఆగ్ఫా క్లిక్ 3. అది మడత కాదు, ఉత్త డబ్బా. దానిలోకి ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు రీలు ఎక్కించి పెళ్లిళ్లూ తిరుపతి యాత్రలూ తీసినవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

వీటి మీద ఇప్పటివాళ్లకు మోజు ఎందుకంటే, తోలు వాసన, నికెల్ మెరుపు, తలుపు తెరుచుకునే టక్కుమనే చప్పుడు అంటారు. నిజమే, అవి బాగుంటాయి. ఆ మోజు ఆరు నెలల్లో తీరిపోతుంది, కెమెరా అమ్మకానికి వస్తుంది. ఉంచుకున్నవాళ్లను పట్టి ఉంచేది వేరే సంగతి. ఈ కెమెరా మిమ్మల్ని ప్రతిసారీ రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఎంత దూరం? ఎంత వెలుతురు? మీరేం చెప్పినా ఒప్పేసుకుంటుంది. వ్యూఫైండర్ ఉత్త కిటికీ, బొమ్మ పదునుగా ఉందో లేదో అందులో తెలియదు. చవక మోడళ్లలో దూరం కొలిచే ఏర్పాటు ఉండదు, వెలుతురు కొలిచే మీటరూ ఉండదు. చాలావాటిలో రీలు తిప్పడం మరిచిపోయి మళ్లీ నొక్కినా అడ్డుకోదు, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడుతుంది. తప్పు జరిగిందన్న సంగతి కూడా రీలు కడిగించాకే తెలుస్తుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. ఇక్కడ మనకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. మల్లెపూలు మూరల్లో, చేద తాడు బారల్లో కొలిచే ఊళ్ల నుంచి వచ్చాం. మూరంటే అడుగున్నర, బారంటే రెండు చేతులూ చాచినంత, సుమారు ఆరడుగులు. అందరి చేతులూ ఒకటి కాదు గనక మీ బార ఎంతో ఒకసారి టేపుతో కొలిచి గుర్తుంచుకోండి, మామూలుగా మీ ఎత్తుకు దగ్గరగానే ఉంటుంది. కెమెరా మీద అంకెలు అడుగుల్లో ఉన్నా మీటర్లలో ఉన్నా ఒక బారను దాదాపు 1.8 మీటర్లుగా లెక్క కట్టొచ్చు. ఎదురుగా ఉన్న మనిషికీ మీకూ మధ్య ఎన్ని బారలు పడతాయో ఊహించడం, ఎన్ని అడుగులని ఊహించడం కంటే సులువు. పెద్ద కొలతలో తప్పే అవకాశం తక్కువ.

మొదటి వారం రీలు ఎక్కించకండి. గదిలోంచి మెస్సుకు వెళ్లే దారిలో పరాఠా బండి, జిరాక్స్ కొట్టు, గోడ మీద టు-లెట్ కాగితం, ఏదో ఒకటి ఎంచుకుని దూరం ఊహించండి, పైకి చెప్పండి, తర్వాత అడుగులు వేసి కొలవండి. మామూలు నడకలో ఒక అంగ రెండున్నర అడుగులుంటుంది. ముప్పై అడుగులు దాటిన వాటి జోలికి వెళ్లనక్కర్లేదు, అక్కడ లెన్సుకు మన సాయం అంతగా అవసరం ఉండదు. పట్టు రావాల్సింది అయిదు నుంచి పదిహేను అడుగుల మధ్య.

ఎందుకో అంకెల్లో చెబుతాను. చదరపు బొమ్మ కెమెరాల్లో సాధారణంగా 75 ఎంఎం లెన్సు ఉంటుంది. లెన్సు కంత ఎంత తెరవాలో చెప్పేది ఎఫ్ అంకె, అంకె చిన్నదైతే కంత పెద్దది. ఎఫ్ 11 పెట్టి పది మీటర్ల దగ్గర ఫోకస్ ఉంచితే అయిదు మీటర్ల నుంచి కనుచూపు మేర వరకూ అన్నీ సరిపడా పదునుగా వస్తాయి. జైస్ నెట్టార్ లాంటి కెమెరాల మీద రెండు ఎర్ర చుక్కలు కనిపిస్తాయి, ఒకటి దూరాల చక్రం మీద, ఒకటి ఎఫ్ అంకెల దగ్గర. రెండూ కలిపి పెడితే వచ్చేది ఇంచుమించు ఇదే. అప్పటి ఇంజనీరు సామాన్యుడి కోసం చేసి పెట్టిన అంచనా అది. ఎండలో మైదానం తీయడానికి చాలు. అదే ఎఫ్ 5.6 దగ్గర మూడు మీటర్లకు ఫోకస్ పెడితే పదును 2.6 నుంచి 3.5 మీటర్ల వరకే. ఎఫ్ 4.5 దగ్గర రెండు మీటర్లలో ఉన్న ముఖమైతే మొత్తం ఒక అడుగు మందం మాత్రమే దక్కుతుంది. అక్కడ అరబార తప్పితే ముక్కు కాదు కదా మనిషే మసకబారతాడు.

కటవారియా సరాయ్‌లో అసలు తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. మెయిన్ రోడ్డు మీద మే నెల ఎండ కళ్లు పొడుస్తుంటే, రెండడుగులు వేసి గల్లీలోకి తిరగ్గానే మిట్టమధ్యాహ్నం కూడా మెట్ల దగ్గర ట్యూబులైటు వెలుగుతూ ఉంటుంది. ఎదురెదురు బాల్కనీలు తాకేంత దగ్గరకొచ్చి ఆకాశాన్ని సన్నని చీలికగా మిగిల్చాయి. మన కళ్లు ఆ తేడాకు వెంటనే సర్దుకుంటాయి, అందుకే వెలుతురు విషయంలో వాటి సాక్ష్యం చెల్లదు. నీడల్ని అడగాలి.

నిండు ఎండలో నీడ అంచు కత్తిరించినట్టు ఉంటే ఎఫ్ 16, షట్టరు వేగం రీలు స్పీడు అంకెకు (సైజు చెప్పే 120 కాదు) దగ్గరగా. అంటే 100 రీలుకు సెకనులో నూరో వంతు, 400 రీలుకు నాలుగువందలో వంతు. నీడ అంచు మెత్తబడితే ఎఫ్ 11. నీడ ఉందా లేదా అని వెతుక్కోవాల్సి వస్తే ఎఫ్ 8. అసలే లేకపోతే ఎఫ్ 5.6. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా లెన్సులోకి వచ్చే వెలుతురు రెట్టింపవుతుంది, దాన్నే స్టాపు అంటారు. ఢిల్లీలో దీపావళి తర్వాత పొగమంచు పట్టిన రోజుల్లో సూర్యుడు పైన కనిపిస్తున్నా నీడ ఉండదు. సూర్యుణ్ణి చూసి లెక్క వేసినవాడి రీలంతా వెలుతురు చాలక పల్చగా వస్తుంది.

గల్లీలోకి వచ్చేసరికి ఎండతో పోలిస్తే అయిదు స్టాపుల దాకా, అంటే ముప్పై రెండో వంతుకు వెలుతురు పడిపోవచ్చు. ఐసొలెట్ లాంటి వాటిలో కొన్నిటికి షట్టరు వేగాలు మూడే: 1/25, 1/75, 1/200. 400 రీలు ఎక్కించి ఉంటే బయట ఎండలో 1/200, ఎఫ్ 22. అదే రీలుతో గల్లీలో 1/75, ఎఫ్ 5.6. పైన చెప్పిన మూడడుగుల పదును ఎఫ్ 5.6దే కదా! వెలుతురు తగ్గిన కొద్దీ దూరం అంచనాకు క్షమ తగ్గుతుంది. రెండు అంచనాలూ వేర్వేరు కాదు, ఒకదాని మెడ ఇంకోదాని చేతిలో ఉంది. ఎండలో అలవాటైన ధీమాతో గల్లీలోకి వచ్చినవాళ్ల బొమ్మలు పోయేది ఈ కారణంగానే. రెండూ సందేహంగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ వెలుతురు ఇవ్వండి. నెగటివ్ రీలు ఒకటి రెండు స్టాపులు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లోని వివరం ఎప్పటికీ రాదు.

ఇప్పుడు ఈ అధ్యాయానికి ఆయువుపట్టు అయిన పని. ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ప్రతి బొమ్మకూ నొక్కకముందే రెండు అంచనాలు రాయండి: మీరనుకున్న దూరం, మీరనుకున్న వెలుతురుకు ఎఫ్, షట్టరు. ఆ తర్వాత ఫోను తీసి లైట్ మీటర్ యాప్‌లో చూడండి, అదేమందో పక్కన రాయండి. తర్వాత వెళ్లి అడుగులు వేసి అసలు దూరం రాయండి. వరస ముఖ్యం. ఫోను చూశాక రాసింది అంచనా కాదు, నకలు. కెమెరాను మాత్రం మీ అంకెల మీదే ఉంచి నొక్కండి, ఫోను చెప్పిందని దిద్దకండి. నేటి ధరల్లో రీలు, కడగడం, స్కానింగు కలిపి ఒక్కో బొమ్మకు వంద రూపాయలు దాటవచ్చు. వంద రూపాయలు పోతాయని తెలిసీ సొంత అంకె మీద నిలబడటం మొదట్లో చేదుగా ఉంటుంది. ఆ చేదు కోసమే ఇంత దూరం వచ్చాం.

రాసి పెట్టుకోవడం ఎందుకంటే, ఫలితం తెలిశాక జ్ఞాపకం తన అంచనాను చల్లగా దిద్దుకుంటుంది. మాక్ టెస్టు కీ చూస్తున్నప్పుడు, 'అరే, ఇది నాకు తెలిసిందే' అని ఎన్నిసార్లు అనిపించిందో ఆలోచించండి. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. రెండు జవాబుల మధ్య ఊగుతున్నప్పుడు తెగించాలా వదలాలా అన్నది మీ ఊహ ఎంత నమ్మదగిందో మీకు తెలిస్తేనే తేలుతుంది. చాలామందికి తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ రాసి చూసుకోలేదు. జవాబు పక్కన 'ఖాయం', 'సగం', 'గుడ్డి' అని ముందే గుర్తు పెట్టి, కీ వచ్చాక ఒక్కో రకంలో ఎన్ని నిలిచాయో లెక్కేసుకోవడం ఈ నోటుబుక్కు పనే. కెమెరా వల్ల ర్యాంకు వస్తుందని మాత్రం నేను చెప్పను, అలా చెప్పేవాణ్ణి నమ్మకండి.

సాధనకు ఎక్కడికి వెళ్లాలి? దూరం పోనక్కర్లేదు. ఊరి పక్కనే సంజయ్ వన్ ఉంది, అందులో ఢిల్లీ పాత రాజుల కోట గోడల శిథిలాలున్నాయి. పొడవాటి గోడ పక్కన నిలబడి, గోడ మీ ముందు నుంచి దూరంగా జరిగిపోయేలా ఏటవాలుగా తీయండి. పది అడుగుల దగ్గర ఫోకస్ పెట్టామనుకుంటారు. పదును నిజంగా ఏ రాయి మీద పడిందో నెగటివ్ చూపిస్తుంది. మనుషుల్ని తీసేటప్పుడు కూడా వాళ్ల కాళ్లూ నేలా కనిపించేలా తీస్తే ఇదే లాభం. మనిషి మసకగా ఉండి వెనక ఇటుకలు స్పష్టంగా ఉంటే దూరం ఎక్కువ ఊహించారు. ఏదీ స్పష్టంగా లేకపోతే తప్పు దూరానిది కాదు, చెయ్యి కదిలింది.

మెహ్రౌలీ ఆర్కియలాజికల్ పార్కులో రాజోం కీ బావ్లీ ఉంది, 1506 ప్రాంతంలో లోడీల కాలంలో కట్టిన మెట్లబావి. పై మెట్టు ఎండలో, అడుగు మెట్టు చీకట్లో. ఒక్కో అంతస్తు దిగుతూ ఒక్కో బొమ్మకు వెలుతురు ఊహిస్తే ఒక్క మధ్యాహ్నంలో స్టాపులన్నీ వంటబడతాయి. పక్కనే ఉన్న కుతుబ్ మినార్ మాత్రం మొదటి రీలుకు వద్దు. దాని ఎత్తు 72.5 మీటర్లు. కెమెరాను పైకి ఎత్తకుండా, మినార్ వెనక్కి వాలినట్టు రాకుండా మొత్తం చదరపు బొమ్మలో పట్టాలంటే 75 ఎంఎం లెన్సుతో దాదాపు 190 మీటర్లు వెనక్కి పోవాలి. పోయినా బొమ్మలో కింది సగం నేలే ఉంటుంది. ఆ సగంలో ఏం పెట్టాలో తేల్చుకున్నాకే దాని జోలికి వెళ్లండి.

కొనే సంగతి క్లుప్తంగా. ముందు గురుగ్రామ్ వెళ్లి, 2019లో మొదలైన మ్యూజియో కెమెరాలో పాత కెమెరాల్ని చూసి రండి. ఫోటోగ్రాఫర్ ఆదిత్య ఆర్య ఏళ్ల తరబడి సేకరించినవి అక్కడున్నాయి. ఏ మోడల్ ఎంత పెద్దదో, మీ చేతికి ఏది నప్పేలా ఉందో ఒక ఊహ వస్తుంది. తర్వాత చాందినీ చౌక్‌లో కూచా చౌధరి కెమెరా బజారు ఉంది. అంతకంటే ముందు సొంత ఊళ్లో మూతబడ్డ స్టూడియో వాళ్లను, అటక మీద సామాన్లున్న మామయ్యల్ని అడగండి.

ఏది దొరికినా మొదట తిత్తి చూడాలి. చీకట్లో వెనక తలుపు తెరిచి లోపల టార్చి వెలిగించి, మడతల మూలల్లో చుక్కల్లా వెలుతురు కారుతోందేమో చూడండి. యుద్ధం తర్వాతి ఆగ్ఫాల్లో ఈ జబ్బు ఎక్కువ, జైస్ వాళ్ల తిత్తులు గట్టివి. కిటికీ లేని గదికి అద్దె కడుతున్నందుకు తిట్టుకునేవాళ్లకు ఈ పరీక్షకు మంచి చోటు దొరికినట్టే. రీలును కడిగే డబ్బాలోకి ఎక్కించడానికి కూడా ఆ గదే పనికొస్తుంది, తలుపు కింద తువ్వాలు కుక్కితే చాలు. ఆగ్ఫాల్లో ఫోకస్ చక్రం బిగుసుకుపోయి ఉంటుంది. లోపలి గ్రీజు గట్టిపడటం వల్ల అది. చేత్తో బలవంతంగా తిప్పితే మొత్తం లెన్సు గతి తప్పుతుంది, విప్పి శుభ్రం చేయగల మెకానిక్కు ఉంటేనే కొనండి. పాత కొడాక్ మడత కెమెరాల్లో చాలావాటికి 620 రీలు కావాలి. ఫిల్ము 120దే, చుట్టే కడ్డీ వేరు, తయారీ 1995లోనే ఆగిపోయింది. చవగ్గా వస్తోందని తీసుకుంటే ప్రతి రీలునూ చీకట్లో మళ్లీ చుట్టుకోవాలి.

వాడేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలున్నాయి. తలుపును చేత్తో ఆపుతూ నెమ్మదిగా తెరవండి. ఒక్కసారిగా ఎగిరితే తిత్తి గాలిని పీల్చి ఫిల్మును ముందుకు లాగుతుంది. అందుకే కెమెరా తెరిచాకే రీలు తిప్పాలి. వెనక ఎర్ర కిటికీలో అంకె చూసి తిప్పేటప్పుడు మీ నీడలో పెట్టుకోండి, అయ్యాక మూత వేయండి. ఆ ఎర్ర గాజు ఎరుపుకు స్పందించని పాతకాలపు రీళ్ల రోజుల్లో పుట్టిన ఏర్పాటు, ఇప్పటి రీళ్లకు అది పూర్తి రక్షణ కాదు. సెల్ఫ్ టైమర్ మీట ముట్టుకోకండి, పాత షట్టర్లలో అది మధ్యలో ఇరుక్కుంటే మొత్తం పని ఆగిపోతుంది.

ఇది ఎవరికి వద్దో కూడా చెప్పాలి. పరీక్ష మూడు నెలల్లో ఉన్నవాళ్లకు వద్దు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెల గడవడమే కష్టమైనవాళ్లకు వద్దు. దూరం ఊహించే వారం, నీడలు చూసే వారం, నోటుబుక్కు మాత్రం వాళ్లూ చేయొచ్చు, వాటికి పైసా ఖర్చు లేదు. పరుగెత్తే పిల్లల్ని, రాత్రి పెళ్లి ఊరేగింపుల్ని తీయాలనుకునేవాళ్లకు ఈ కెమెరా శుద్ధ దండగ, ఫోను వందరెట్లు నయం. బొమ్మలకంటే కెమెరానే ఫోటో తీసి పెట్టుకోవాలని ఉంటే, పాడైన కెమెరా చవగ్గా దొరుకుతుంది, అదే కొనండి.

రెండు రీళ్లు అయ్యాక నోటుబుక్కును, నెగటివ్‌లను పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. బాగా వచ్చిన బొమ్మల్ని ఆ రోజుకు వదిలేయండి. పల్చగా వచ్చినవి ఎన్ని, చిక్కగా వచ్చినవి ఎన్ని? దూరం ఎక్కువ ఊహించినవెన్ని, తక్కువ ఊహించినవెన్ని? తప్పులన్నీ ఒకే వైపు ఉంటే పని సులువు. మీ కన్ను ప్రతిసారీ మూర దూరం ఎక్కువ చెబుతోందంటే, ఇకపై తోచిన దాంట్లోంచి మూర తీసేసి చక్రం తిప్పండి. గల్లీలో ఎప్పుడూ ఒక స్టాపు తక్కువ ఇస్తున్నారంటే, గల్లీ మలుపు తిరగ్గానే ఒక మెట్టు దించండి. తప్పులు అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే మాత్రం మూడో రీలు కొనకండి. మూడడుగులకో ముడి వేసిన రెండు బారల దారం జేబులో పెట్టుకుని ఇంకో రెండు వారాలు వట్టి చేతులతో గల్లీల్లో తిరగండి.